రాజు పట్టుబడ్డాక వచ్చే పాట

ఆ మధ్యాహ్నం అమ్మమ్మ వంటింట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. పొయ్యి పక్కన గొర్రెతోలు మీద అమ్మమ్మ ఎస్కొలాస్తికా. టీవీకి ఎదురుగా, బడి నుంచి మోయించుకొచ్చిన కుర్చీలో, చరిత్ర చెప్పే అబ్దియాస్ మామయ్య. గుమ్మం దగ్గర పీట మీద, ఉప్పు అడగడానికి వచ్చి పొద్దుటి నుంచి కదలని పక్కింటి లెయొకాదియా అత్త. గోడకి ఆనుకుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, వడ్రంగి తెలెస్ఫొరో తాత. పొయ్యి కింద, బల్ల కింద, అందరి కాళ్ళ కింద, ఎలుకకి పెద్దన్నల్లా కుందేలుకి చిన్నతమ్ముళ్ళలా తిరిగే పంతొమ్మిది కూయిలు, పెంపుడు గినీ పందులు. మామయ్య కాళ్ళ దగ్గర నేల మీద, ఒళ్ళో నోటుపుస్తకంతో, పదిహేనేళ్ళ మీలా.

కిటికీ బయట కూడా కొందరు ఉన్నారు. వాళ్ళని ఎవరూ లోపలికి పిలవలేదు, పొమ్మనీ అనలేదు.

అందరూ కలిసి తేల్చవలసింది ఒకటే. రెండేళ్ళ క్రితం పట్నం నుంచి వచ్చినవాళ్ళు కుంతుర్మార్క ఊళ్ళోనే తీసిన పెద్ద సినిమా పూర్తయి, పెన్‌డ్రైవ్‌లో వచ్చింది. ఇన్కా రాజును స్పెయిన్ దళపతి పట్టుకున్న కథ. ఊళ్ళో మూడొందల మంది అందులో జనంగా నిలబడ్డారు. రేపు ఆగస్టు పండుగ మొదలు. పంచాయతీ గోడ మీద, లౌడ్‌స్పీకర్లు పెట్టి ఆ సినిమా వెయ్యాలని ఊరంతా కోరుతోంది. ఆ ఏడు పండుగ సంఘానికి పెద్ద అబ్దియాస్ మామయ్య. ఆయన సరేనంటే గోడ, కాదంటే లేదు.

"ముందు నేను చూస్తాను. చరిత్ర సరిగ్గా ఉంటేనే గోడ" అన్నాడు మామయ్య. తప్పులు రాయడానికి దస్తూరి బాగుంటుందని మేనకోడల్ని కూర్చోబెట్టుకున్నాడు.

సినిమా గోడ ఎక్కకూడదని ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా కోరుకుంటున్నది మీలాయే. ఎందుకో ఎవరికీ తెలియదు.

కుంతుర్మార్కలో ప్రతి మనిషికీ ఊరు పెట్టిన పేరు ఒకటుంది, పాత భాషలో. అది వాళ్ళ వెనకాల అందరూ అనుకునే పేరు. ముఖం మీద అనడం మాత్రం మహా తప్పు. అందుకని ఎవరి పేరు వాళ్ళకి తప్ప మిగతా ఊరందరికీ తెలుసు. తాతలు అలాగే బతికి అలాగే పోయారు. ఒకాయనకి తన పేరు తెలియకుండానే ఎనభై ఏళ్ళు గడిచాయి, శవం లేచే వేళకి ఎవరో నోరు జారితే పాడె మోసేవాళ్ళు నవ్వాపుకోలేక దించేశారు.

మీలా నలుగురిలో నోరు విప్పదు. బడిలో హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుందే తప్ప పలకదు. అలాంటి పిల్ల కూయిల దగ్గర మాత్రం వాగుతుంది. వాటికి ఊరివాళ్ళ పేర్లు పెట్టుకుంది, ఊరు పెట్టిన పేర్లే. సాయంత్రం మేత వేసేటప్పుడు ఆ పేర్లన్నీ కలిపి ఒక పాట పాడుతుంది. బరువైన రాగం. చచ్చిపోయిన ముత్తవ్వ పాడిన రాగం. మాటలు మాత్రం మీలావి.

షూటింగ్ రోజున జనంలో నిలబడలేక ఆమె ఇంటికి పారిపోయి కూయిలకి మేత వేస్తూ కూర్చుంది. పొడవాటి కర్రకి బొచ్చు మైకు కట్టుకున్న పట్నం కుర్రాడొకడు మంచినీళ్ళకి వచ్చాడు. ఆమె పాట ఆపేసింది. అతను నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ అందుకుంది. పాట అయ్యాక చూస్తే కిటికీలో ఆ బొచ్చు మైకు ఇంకా వేలాడుతోంది.

"ఎంత దుఃఖం ఉంది నీ గొంతులో! రాజు పట్టుబడ్డాక ఇదే పెడతాం" అని ఆ కుర్రాడు ఒక చాక్లెట్ ఇచ్చి వెళ్ళాడు. పాత భాషలో అతనికి ఒక్క ముక్క రాదు.

రెండేళ్ళుగా ఆ చాక్లెట్ మీలా కడుపులో అరగలేదు.

సినిమా మొదలైంది. కొండలు, పొగమంచు, బూరలు.

"ఆపు!" అన్నాడు మామయ్య. "కొండ మీద ఆ చెట్లేంటి? యూకలిప్టస్! ఇన్కా రాజు పోయిన మూడొందల ఏళ్ళకి కదా అవి ఈ దేశానికొచ్చింది! రాయి మీలా, ఒకటి."

మీలా ఆనందంగా రాసింది.

"చెట్టు చెట్టేగా మాష్టారూ," అంది లెయొకాదియా. "నీడ ఇవ్వట్లేదా?"

"నీడ సంగతి కాదమ్మా, నిజం సంగతి!"

రాజు మేడ కనబడింది. మెట్ల మీద ఒక కోడి నడిచింది.

"కోడి!" మామయ్య కుర్చీలో ఎగిరాడు. "కోడిని తెచ్చిందే స్పెయిన్ వాళ్ళు! వాళ్ళింకా రాకుండానే వాళ్ళ కోడి వచ్చేసిందా?"

"అది మా కోడే," అంది లెయొకాదియా. "బాగానే నడిచింది."

మీలా గొంతు సవరించుకుంది. ఆమె తనంతట తాను మాట్లాడడం అరుదు కనుక అందరూ అటు తిరిగారు. "మామయ్యా, ఆ లామా చెవికి పసుపు బిళ్ళ ఉంది. పశువుల డాక్టరు వేసింది."

"శభాష్!" మామయ్య కళ్ళు మెరిశాయి. "చూశావా అమ్మా, పిల్లకున్న పట్టింపు! రాయి, మూడు."

ఆ తర్వాత మీలా ఆగలేదు. రాజు మణికట్టు మీద వాచీ తీసేసిన తెల్ల గీత చూపించింది. దూరపు కొండ మీద సెల్ టవర్ చూపించింది. సైనికుడొకడి చెప్పులు లారీ టైరుతో చేసినవని చెప్పింది.

"ఆ చెప్పులు నావి," అన్నాడు తెలెస్ఫొరో తాత మొదటిసారి నోరు విప్పి. "పదేళ్ళయింది, ఇంకా అరగలేదు. తప్పేముంది వాటిలో?"

తెలెస్ఫొరో తాత మాటకి ఆ ఊళ్ళో బరువుంది. ఏటా పండుగలో ఇన్కా రాజు వేషం ఆయనదే, ఇరవై రెండేళ్ళుగా. రాజును పట్టే దళపతి వేషం అబ్దియాస్ మామయ్యది. మూడు రోజులు వీధులన్నీ గుర్రమెక్కి వెంటాడి, చివరికి తాడు వేసి పట్టుకోవాలి.

అమ్మమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "ఒరేయ్ అబ్దియాసూ, పండుగలో నువ్వు గుర్రం మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటావు కదరా. ఆ దళపతి పెట్టుకున్నాడా?"

"ఎండ కళ్ళల్లో పడుతుందమ్మా."

"జనం మీదకి పిప్పరమెంట్లు విసురుతావు."

"అది ఆచారం."

"వెనకాల బ్యాండు మేళం. రాజుగారేమో మోకాలు నొప్పని పోయినేడు పంచాయతీ ట్రాక్టరు ఎక్కాడు."

"ట్రాక్టరుకి పూలు కట్టారు," అన్నాడు తెలెస్ఫొరో తాత నొచ్చుకుంటూ.

"పండుగ వేరు, సినిమా వేరు," అన్నాడు మామయ్య. "సినిమా లోకమంతా చూస్తుంది, నిజమనుకుంటుంది. అబద్ధం చూసి ఏడిస్తే ఆ ఏడుపు కూడా అబద్ధమే."

"నీకు చిన్నప్పుడు చెప్పిన కథలన్నీ అబద్ధాలేరా. నక్క చంద్రుడి దాకా తాడు కట్టుకుని ఎక్కిందన్నాను. జావ మాత్రం నిజంగానే తాగావు."

లెయొకాదియా పీట మీద ఊగిపోతూ నవ్వింది. కిటికీ బయటా ఎవరో నవ్వారు. మామయ్య బయటికి చూసి, గొంతు పెంచి, "ముప్పై రెండు!" అన్నాడు.

గంట దాటింది. రాజు పట్టుబడే ఘట్టం దగ్గరపడుతోంది. మీలా నోటుపుస్తకాన్ని ఆయన ముందుకి జరిపింది.

"మామయ్యా, ముప్పై తొమ్మిది అయ్యాయి. ఇక చాలదా? ఇన్ని తప్పుల సినిమాని గోడకెక్కించలేమని చెప్పేయొచ్చుగా?"

మామయ్య ఆమె తల నిమిరాడు. "లేదమ్మా. సగం చూసి తిట్టేవాడు సగం అబద్ధాలకోరు. ఆఖరు దాకా చూడాలి. అదే న్యాయం."

మీలాకి పుస్తకాలు, బూట్లు కొనిపెట్టేది ఆయనే. అన్నింట్లోనూ ఆ నిక్కచ్చితనం చూసి ఆమె ఎప్పుడూ గర్వపడేది. ఆ క్షణంలో మాత్రం ఆయన కొంచెం అన్యాయస్థుడైతే బాగుండునని దేవుణ్ణి వేడుకుంది. టీవీ తీగ మీదకి కాలు జరిపింది. తీగ గోడకి మేకులతో కొట్టి ఉంది. కొట్టింది తెలెస్ఫొరో తాత, ఆయన పని గట్టిది.

తెర మీద దళపతి తాడు విసిరాడు. రాజు మెడలో పడింది. అంతే, మూడొందల మంది జనం ఒక్కసారిగా వెనక్కి తిరిగి పరుగో పరుగు.

వంటింట్లో అందరూ గొల్లుమన్నారు. షూటింగ్ నాడు జరిగింది అదే. పండుగలో రాజు మెడలో తాడు పడగానే కుండల మూతలు తీస్తారు. ముందు చేరినవాళ్ళకి మాంసం, వెనకబడ్డవాళ్ళకి ఉత్త బంగాళాదుంపలు. పుట్టినప్పటి నుంచి అలవాటైన కాళ్ళు. డైరెక్టరు నిలబడి ఏడవమన్నాడు. తాడు పడగానే ఏడుపు ఎవరికి గుర్తుంటుంది? ఊరంతా కుండల వైపు పరిగెత్తింది. ఆ రోజు కుండలు పెట్టలేదన్న సంగతి వీధి చివర తిరిగాక గానీ ఎవరికీ తట్టలేదు. డైరెక్టరు మాత్రం మెగాఫోను పారేసి, ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ కౌగిలించుకుని, ఇంత నిజమైన భయం తన జన్మలో చూడలేదని ఏడ్చాడు.

"అదుగో నేను!" లెయొకాదియా టీవీ దగ్గరికి ఉరికింది. "నేనే ముందు!"

"శాలువా కింద ఆ పళ్ళెమేంటి?" అన్నాడు మామయ్య.

"ఎందుకైనా మంచిదని."

"స్టీలు పళ్ళెం! రాయి మీలా, నలభై!"

మీలా రాయలేదు. పరుగు ఆగింది. తెర మీద ఖాళీ వీధి, దుమ్ము, నేల మీద పడిన రాజకిరీటం. కెమెరా మెల్లగా ఆకాశం వైపు లేచింది. ఎక్కడి నుంచో ఒక ఆడపిల్ల గొంతు మొదలైంది, సన్నగా, బరువుగా. రాగం వింటే రాళ్ళు కరుగుతాయి. తెర అడుగున పట్నం వాళ్ళ కోసం అక్షరాలు పడ్డాయి: ఓ సూర్యపుత్రా, మా వెలుగు ఆరిపోయెను.

గొంతు పాత భాషలో పాడుతోంది.

*రారా రారా, మేతకు రారా,*
*ఉత్తకుండా, ఊరికే మోగక రారా.*

అక్షరాలు: నీవు లేని లోకమున మేమెట్లు బ్రతికెదము.

*చేటచెవీ, చేటచెవీ,*
*పక్కదాని నోట్లో గడ్డి లాక్కోకే.*

అక్షరాలు: శత్రువు మా సర్వస్వమును దోచెను.

*దిగనిరాజా, కాస్త దిగి రారా,*
*గడ్డి నీ దగ్గరికి నడిచిరాదురా.*
*బంగారుపన్నూ, కొరకకే నా వేలు.*
*ఎండుమిరపా, నువ్వు ముందు తిను,*
*నువ్వు తింటేనే ఇంటికి శాంతి.*

పొయ్యి కింద నుంచి, బల్ల కింద నుంచి పంతొమ్మిది కూయిలూ కీచుకీచుమంటూ టీవీ ముందుకి పరిగెత్తుకొచ్చి, మూతులెత్తి నిలబడ్డాయి.

గొంతు ఎవరిదని ఇక ఎవరూ అడగనక్కర్లేకపోయింది.

మీలా నోటుపుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేల చీలితే బాగుండునని కూర్చుంది. నేల చీలలేదు. ముందుగా లెయొకాదియా నవ్వు వినబడింది, కుండలో మొక్కజొన్న పేలినట్టు.

"ఉత్తకుండట! దిగనిరాజట! అయ్యో నా తల్లే! బంగారుపన్ను ప్రెసిడెంటు పెళ్ళామేగా? రేపు ఆవిడ మొదటి వరసలో కూర్చుని వినాలి, నేను పక్కనే కూర్చుని చూడాలి!" కళ్ళు తుడుచుకుని ఆగింది. "అన్నట్టు, ఆ చేటచెవి ఎవరే?"

తెలెస్ఫొరో తాత మీసం కింద నవ్వు దాచుకుంటూ పైకప్పు చూశాడు. "నాకు చేటచెవి ఎవరో తెలుసు, ఉత్తకుండా తెలుసు," అన్నాడు గంభీరంగా. "దిగనిరాజు ఎవరో మాత్రం... మన ఊళ్ళో అలాంటివాళ్ళు ఎవరున్నారు?"

అమ్మమ్మ గొర్రెతోలు మీద పక్కకి ఒరిగి, నోట్లో శాలువా కుక్కుకుని ఏడ్చేంతగా నవ్వుతోంది.

మామయ్య నవ్వలేదు. రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పి ఆ పాట మళ్ళీ విన్నాడు. కూయిలు మళ్ళీ మూతులెత్తాయి. ఆయనకి పాత భాష బాగా వచ్చు.

"దిగనిరాజు ఎవరో నాకు తెలుసు," అన్నాడు నెమ్మదిగా. "చేటచెవీ తెలుసు. బంగారుపన్నూ తెలుసు. ఎండుమిరపా తెలుసు. ఉత్తకుండ ఒక్కటే తెలియదు." పుస్తకం పట్టుకుని లాగి, మీలా కళ్ళలోకి చూశాడు. "అంటే నేనన్నమాట."

లెయొకాదియా నవ్వు ఠక్కున ఆగింది. తన లెక్క తను వేసుకోవడం మొదలుపెట్టింది కాబోలు, చెవి తడుముకుంది.

"మామయ్యా..." అంది మీలా. గొంతు సినిమాలో ఉన్నంత కూడా రాలేదు.

"బళ్ళో పిల్లలకి తెలుసా?"

"తెలుసు."

"ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వు మొదటి పాఠం చెప్పిన రోజు నుంచి. గంట కొట్టినా ఆపలేదుగా."

మామయ్య తెర వైపు తిరిగాడు. అందులో స్పెయిన్ సైనికులు బంగారం కరిగిస్తున్నారు. ఆ కొలిమి పూర్తిగా తప్పు, రాయించలేదు.

"ఈ పాట జాబితాలో వెయ్యనా?" అని అడిగింది మీలా. ఇంకా ఒక్క ఆశ మిగిలింది ఆమెకి. "రాజు పట్టుబడితే కూయిల పాటేంటి మామయ్యా? ఇంతకంటే పెద్ద తప్పు సినిమా మొత్తంలో లేదు. దీనితో గోడ వద్దని చెప్పేయొచ్చు."

"ఎందుకు తప్పు?" మామయ్య అన్నాడు, తరగతిలో అడిగినట్టు. "రాజు పట్టుబడ్డ రోజున కూయిలకి ఆకలి వెయ్యలేదా? ఎవరో ఒక పిల్ల మేత వేసే ఉంటుంది. వాటికి ఊళ్ళో పెద్దమనుషుల పేర్లు పెట్టుకునే ఉంటుంది. ఆ రోజుల్లోనూ ఉత్తకుండలు ఉండే ఉంటారు." మీలా చేతిలో పెన్ను తీసుకుని మూత పెట్టాడు. "ముప్పై తొమ్మిది తప్పులు, ఒక స్టీలు పళ్ళెం. ఒప్పు ఇదొక్కటే. సినిమా మొత్తంలో నిజమైన ముక్క ఒక్కటుంటే, దాన్ని నా పేరుందని నేను ఆపెయ్యనా? అప్పుడు నేను చరిత్ర మాష్టార్ని ఎలా అవుతాను? రేపు గోడ ఇస్తున్నాను."

"మామయ్యా, వద్దు!" మీలా ఆయన చెయ్యి పట్టుకుంది. "ఊరంతా వింటారు. నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"ఊరంతా ఇప్పటికే విన్నారు," అన్నాడు తెలెస్ఫొరో తాత కిటికీ వైపు గడ్డం ఊపి.

నిజమే. కిటికీ బయట తలలు రెట్టింపయ్యాయి. నవ్వులు, గుసగుసలు, ఒకరి చెవిలో ఒకరి పేర్లు. అందరికీ మిగతావాళ్ళవి తెలుసు, తనదొక్కటే తెలియదు. ఇన్నేళ్ళ మర్యాద ఒక్క పాటతో తెగిపోయేసరికి, ఊరికి పుట్టినప్పటి నుంచి ఆపుకున్న దురద ఒక్కసారిగా మొదలైంది.

"మీలా! నేనున్నానా పాటలో?" అని అరిచాడు రొట్టెలు కాల్చే మనిషి.

"ఐదుగురినే పెట్టావేంటే? పంతొమ్మిది ఉన్నాయిగా, మిగతావి ఎవరు?"

"మా ఇంటికి పేరే లేదా? మేమంత తీసిపోయామా?"

"నాది తిట్టైనా సరే తల్లీ, చెప్పు! చచ్చేలోపు తెలుసుకోవాలి!"

మీలా పొయ్యి వెనక్కి జరిగింది. అందరూ కోపంతో వస్తారని రెండేళ్ళు భయపడింది. ఇలా అడుక్కుంటూ వస్తారని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఏది ఎక్కువ భయమో అర్థం కాక బల్ల కిందికి, కూయిల మధ్యకి దూరింది.

అమ్మమ్మ నవ్వు తుడుచుకుని లేచింది. "ఇలా రా. కడుపు చెక్కలయ్యేలా నవ్వించావే. అందరివీ పోల్చుకున్నాను. ఉత్తకుండ వీడు, దిగనిరాజు వాడు, చేటచెవి అది..." వేళ్ళు మడుస్తూ ఐదోదాని దగ్గర ఆగింది. "ఎండుమిరప ఎవరు?"

మామయ్య సినిమా మీద ఎన్నడూ లేనంత శ్రద్ధ పెట్టాడు. తెలెస్ఫొరో తాత టోపీ నెత్తిన పెట్టుకుని చెప్పులు చూసుకున్నాడు. లెయొకాదియా రెండు చేతులతో నోరు మూసుకుంది.

అమ్మమ్మ ఒక్కొక్కరి ముఖమూ చూసింది.

"నువ్వు తింటేనే ఇంటికి శాంతి, అంటావా?" అంది చివరికి మీలాతో, చాలా మెల్లగా.

"అమ్మమ్మా, అది... ముందు నీకే కదా పెట్టాను..."

అమ్మమ్మ ఆమె జబ్బ పట్టుకుని బల్ల కింద నుంచి లేవదీసింది. ఆ వయసులో అంత బలం ఎక్కడిదో. గుమ్మం దాకా నడిపించుకెళ్ళి తలుపు తీసింది. బయట సగం ఊరు నిలబడి ఉంది. మీలాని చూడగానే అందరూ ఒక్కడుగు ముందుకేశారు.

"ఇంట్లోవాళ్ళకి పేరుపేరునా చెప్పావుగా. ఊళ్ళోవాళ్ళేం పాపం చేశారు? అందరివీ చెప్పి రా. గొంతు పైకెత్తు, వెనకవాళ్ళకి వినబడాలి."

"అమ్మమ్మా, నాకు సిగ్గు..."

"నాకు లేదే," అంది ఎండుమిరప. మనవరాలిని గడప బయటకి నెట్టి, తలుపు వేసి గడియ పెట్టేసింది.